పూజలందుకున్న తుపాకి

ధర్మలింగం వీపు మీద గాయం గుండ్రంగా లేదు. చిటికెన వేలంత వెడల్పు, దానికి మూడింతలు పొడవు.

ఆ సంగతి బంగళాలో ఉన్నవాళ్లందరూ చూశారు. ఒక్కరూ పట్టించుకోలేదు.

1937 నవంబరు 14, ఆదివారం. ఉదయం పదకొండు గంటల అయిదు నిమిషాలు.

రంభ ఊరికి రెండు మైళ్ల దూరంలో, చిలక సరస్సులోకి పొడుచుకు వచ్చిన చిన్న కొండ అది. మూడు వైపులా నీళ్లు. నాలుగో వైపున్న మట్టి కట్ట నిన్న సాయంత్రమే మునిగిపోయింది. కొండ మీద వేట బంగళా. బంగళా వెనక గదిలో బెంచీ మీద శవం. ఇన్‌స్పెక్టర్ సోమేశ్వరరావుని, రంభ కాంపౌండరుని దింపిన పడవవాడు తెడ్లు రెండూ ఒడ్డుకు లాగేశాడు. గాలి తగ్గేదాకా దేవుడు పిలిచినా రానని చెప్పి చుట్ట ముట్టించాడు.

అంటే లోపలున్నవాళ్లు బయటికి పోలేరు. ఇన్‌స్పెక్టరూ పోలేడు.

సోమేశ్వరరావుది బరంపురం. పదహారేళ్ల సర్వీసు. నిరుడు మార్చి దాకా మద్రాసుకు సలాం కొట్టాడు, ఏప్రిల్ నుంచి కటకానికి కొడుతున్నాడు. కొత్త ప్రావిన్సు వచ్చినా టోపీ అదే, జీతమూ అదే. ఒకప్పుడు రిజర్వు పోలీసులో మూడేళ్లు ఆయుధాల గది తాళాలు ఆయన దగ్గరే ఉండేవి. ఆ ఉద్యోగంలో నేర్చుకున్నది మళ్లీ పనికొస్తుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

రంభ ఔట్‌పోస్టు కానిస్టేబుల్ జగ్గన్న నిన్న మధ్యాహ్నమే వచ్చి కేసు ముగించేసి కూర్చున్నాడు. నిటారుగా నిలబడి పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

చనిపోయిన ధర్మలింగం గోపాల్‌పూర్‌లో మేడ, బరంపురంలో కలప అడితి ఉన్న షావుకారు. పేరున్న వేటగాడు. శనివారం పొద్దున పందుల వేటకు బయల్దేరాడు. వెంట బావమరిది కాశీవిశ్వనాథం, గుమాస్తా నరసన్న, దారి చూపే తవిటయ్య. డబ్బాలు కొట్టి పందుల్ని లేపడానికి పదిమంది కూలీలు. ఏడు గంటల నలభై నిమిషాలకు తుపాకి పేలింది. ధర్మలింగం బోర్లా పడ్డాడు.

ఆయన వెనక నలభై గజాల లోపు ముగ్గురే ఉన్నారు. కుడివైపు తవిటయ్య, నాటు తుపాకితో. సరిగ్గా వెనక నరసన్న, యజమాని రైఫిల్ మోస్తూ. ఎడమవైపు బండ పక్కన కాశీవిశ్వనాథం, వాళ్ల నాన్న తుపాకితో. పేల్చానన్నది తవిటయ్య ఒక్కడే.

"ఒప్పేసుకున్నాడు సార్," అన్నాడు జగ్గన్న. "కొట్టనైనా కొట్టలేదు."

నాలుగు గంటలకు గాలి కాస్త తగ్గితే చత్రపురం నుంచి డిప్యూటీ సూపరింటెండెంట్ లాంచీ వస్తుంది. ముద్దాయిని తీసుకుపోతుంది. ఒప్పుకున్న ముద్దాయి, పేలిన తుపాకి, సాక్షులు ఇద్దరు. ఆ లాంచీ ఎక్కాక తవిటయ్య తిరిగి రావడం కల్ల. సోమేశ్వరరావు గడియారం చూసుకున్నాడు. అయిదు గంటలు కూడా లేవు.

తవిటయ్యను సామాన్ల గదిలో పెట్టారు. కిటికీ లేని గది. చేతులకు తాడు. యాభై ఏళ్ల మనిషి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"నానే బాబూ. పందిని సూసి కొట్టినాను. పొగ ఎల్లిపోయాక సూస్తే షావుకారు పడున్నారు. ఇంకెవుడు కొడతాడు?"

తన కేసుకు తనే తీర్పు చెప్పుకున్నాడు. అతనికి ఒకటే దిగులు, తన ఆడది వానలో తడుస్తోందని.

అతని పెళ్లాం చిట్టమ్మ గది బయట చూరు కింద కూర్చుని ఉంది. కట్ట మునగకముందే మిగిలిన కూలీలందరూ ఇళ్లకు పోయారు. ఆమె కదల్లేదు. సోమేశ్వరరావు అడగకుండానే చెప్పింది.

"రెండు పేలినాయి బాబూ. ఒకదాని మీద ఒకటి. మా మావది దబ్బుమంటాది. రెండోది సటుక్కుమంది."

డబ్బాల మోతలో ఎవరికీ వినపడనిది ఈవిడకే వినపడిందా అని జగ్గన్న నవ్వాడు. ముప్పై ఏళ్లుగా ఆ తుపాకి చప్పుడు మీద గంజి తాగుతున్న మనిషి ఆమె. సోమేశ్వరరావు నవ్వలేదు.

పదకొండూ యాభైకి కాంపౌండర్ గుండు బయటికి తీశాడు. అది శరీరం దాటి పోలేదు. ఛాతీ చర్మం కింద ఆగిపోయింది. అంగుళం పైన పొడవు. రాగి తొడుగు, సీసపు ముక్కు. ఒక పక్క మాత్రం కాస్త నలిగింది.

సోమేశ్వరరావు దాన్ని కడిగి భూతద్దంతో చూశాడు. ఒంటి నిండా సన్నటి గీతలు.

నాటు తుపాకి గొట్టం లోపల నున్నగా ఉంటుంది. సీసపు ఉండలో, మేకు ముక్కలో వేసి కొడతారు. గుండు మీద గీతలు పడవు. ఇది రైఫిల్ గుండు.

శవం నడుము మీద ఇంకొకటి కనిపించింది. వెండి మొలతాడుకు ఉన్న కొక్కెం వంగిపోయి ఉంది. దానికి ఏదీ లేదు.

గుమాస్తా నరసన్నను వరండాలోకి పిలిచాడు. సన్నటి మనిషి, పదేళ్లుగా యజమాని రైఫిలూ తూటాలూ మోస్తున్నాడు.

"రైఫిల్ నీ చేతిలోనే ఉందా?"

"ఉందండి. ఆయన డొంకలోకి తొంగి సూడ్డానికి నాకిచ్చి ముందుకెల్లారు."

"పేల్చావా?"

"లేదండి. రెండు తూటాలూ అందులోనే ఉన్నాయి, సూడండి."

ఉన్నాయి. కానీ పెట్టెలో పద్దెనిమిది ఉండాలి. పదిహేడే ఉన్నాయి. శుక్రవారం రాత్రి పెట్టె వరండా బల్ల మీదే ఉందని, మూత తీసి ఉందని చెప్పాడు నరసన్న. ఒక తూటా ఎటుపోయిందో తెలియదన్నాడు. 

"మొలతాడుకు ఏముండేది?"

"తాళంచెవండి. గోపాల్‌పూర్ మేడ మీద గదిది. నిద్దట్లో కూడా తియ్యరండి."

"ఆ గదిలో ఏముంది?"

నరసన్న తల వంచుకున్నాడు.

"అమ్మగారండి."

తరవాత ఒక్కొక్క ముక్కా బయటికి వచ్చింది. ధర్మలింగం భార్య వాసవీకుమారి. కాశీవిశ్వనాథానికి ఒక్కగానొక్క చెల్లెలు. ధర్మలింగానికి రెండో పెళ్లి మీద మనసు పోయింది. కులపెద్దలు ఒప్పుకోరు, మొదటి భార్యకు పిచ్చి ఉంటే తప్ప. అందుకని ఆమెకు పిచ్చి అంటగట్టాడు. అయిదు నెలలుగా గదిలో ఉంది. డాక్టర్ల సంతకాలు రెండూ అయిపోయాయి. సోమవారం రైలుకి పిచ్చాసుపత్రికి తీసుకుపోవాలి.

సోమవారం అంటే రేపు. సోమేశ్వరరావుకి చచ్చినవాడి మీద అప్పటిదాకా ఉన్న కాస్త జాలీ పోయింది. కానీ చచ్చినవాడు మంచివాడా చెడ్డవాడా అని డైరీలో గడి ఉండదు.

కాశీవిశ్వనాథం ముందు గదిలో ఉన్నాడు. నలభై ఏళ్లు, బరంపురం బడా బజార్‌లో పట్టుబట్టల దుకాణం. మెత్తటి మనిషి. పొద్దుట్నుంచి కుర్చీలో కూర్చోలేదు, కుడి చెయ్యి నడుము మీంచి తీయలేదు. పడవ ఎప్పుడు కదులుతుందని నాలుగుసార్లు అడిగాడు. గోపాల్‌పూర్‌కి ఎవరైనా కబురు తీసుకెళ్లారా అని అయిదోసారి అడిగాడు.

అతని తుపాకి బల్ల మీద ఉంది. పాతకాలపు ఒంటి గొట్టం రైఫిల్. మడమ మీద గంధం, కుంకుమ. ట్రిగ్గర్‌కి అడ్డంగా పసుపు తోరం, తొమ్మిది ముడులు.

"మా నాన్నగారు పోయి పదిహేనేళ్లండి. అప్పట్నుంచి దసరాకి పూజ సేస్తాం, తోరం కడతాం. అంతేనండి. సీమనైనా తొక్కని వోళ్లం, మాకు వేటేటండి? సేతిలో ఏదో ఒకటి ఉండాలని బావ తెమ్మన్నారు, తెచ్చాను."

తోరం విప్పకుండా ఆ ట్రిగ్గర్ మీద వేలు పడదు. తోరం ఉంది. జగ్గన్న ఆ తుపాకిని ముట్టుకోలేదు. దూరం నుంచే దణ్ణం పెట్టుకున్నాడు కూడా.

రైఫిల్ గుండు అని తెలియగానే కాశీవిశ్వనాథం నేల చూస్తూ అన్నాడు.

"రైఫిలు నరసన్న సేతిలోనే ఉందండి. నాను సూసాను."

అది నిజమే. జగ్గన్న నరసన్నను కూడా సామాన్ల గదిలోకి తోశాడు. తవిటయ్యను మాత్రం వదలనన్నాడు. ఒప్పుకున్నవాడు, డైరీలో రాసేశాను, ఇప్పుడు గీత కొట్టేస్తే బాగుండదన్నాడు. కిటికీ లేని గదిలో ఇద్దరయ్యారు. లాంచీ వస్తే ఇద్దర్నీ ఎక్కిస్తారు. ఇద్దరిలో ఒకరికి ఉరి తప్పదు.

వాన జోరందుకుంది. సోమేశ్వరరావు గొడుగు వేసుకుని చోటు చూడ్డానికి వెళ్లాడు. బండ దగ్గర్నుంచీ, నరసన్న నిలబడ్డ చోటు నుంచీ, ధర్మలింగం పడిన చోటుకు అడుగులు లెక్కపెట్టాడు. రెండు దారుల్లోనూ ఉత్త గడ్డి. గుండు తగిలి పక్కకు తిరగడానికి ఒక పుల్ల కూడా లేదు. మొగలి డొంకలు అన్నీ అవతల ఉన్నాయి.

ఒంటిగంటన్నరకు జగ్గన్న టీ తెచ్చాడు. సోమేశ్వరరావు గ్లాసు ముట్టలేదు. గదికీ వరండాకీ తిరుగుతూనే ఉన్నాడు. తనే బోనులో పడ్డట్టుంది ఆయనకు. చేతిలో గుండు ఉంది, కారణం ఉంది, కారణం ఉన్న మనిషి పక్క గదిలోనే ఉన్నాడు. తుపాకి మాత్రం ఇంకొకడి వైపు చూపిస్తోంది.

సామాన్ల గది తలుపు దగ్గరికి వెళ్లి నరసన్నను అడిగాడు, ఈ తూటా గురించి మీ యజమాని ఏమనేవాడని.

"అడవి దున్నని ఒక జబ్బలో కొడితే రెండో జబ్బలోంచి ఎల్లిపోద్దనేవారండి. ఎల్లడం నాను సూసాను కూడానండి."

సోమేశ్వరరావు అక్కడే నిలబడిపోయాడు.

దున్నను దాటే గుండు, నలభై గజాల్లో ఒక బక్కపలచని షావుకారును ఎందుకు దాటలేదు?

రెండూ పది. ఆయన ధర్మలింగం కొత్త రైఫిల్ తెప్పించాడు. తూటాలు తీసేశాడు. తుడిచే కడ్డీ కొసకు గుడ్డ బిగుతుగా చుట్టి, కడ్డీ మీద సుద్దతో గీత గీసి, మెల్లగా గొట్టంలోకి నెట్టాడు. లోపలి గాడుల వెంట కడ్డీ తనంతట తనే తిరగసాగింది. సుద్ద గీత ఒక పూర్తి చుట్టు చుట్టి మళ్లీ పైకి వచ్చేసరికి కడ్డీ పదిహేను అంగుళాలు లోపలికి పోయింది. రాసుకున్నాడు.

తరవాత బల్ల మీది పూజ తుపాకి తీసుకున్నాడు. కాశీవిశ్వనాథం ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు.

ఇరవై ఎనిమిది అంగుళాల గొట్టం. కడ్డీ కొసదాకా పోయినా సుద్ద గీత పైకి రాలేదు. ముప్పావు చుట్టే తిరిగింది.

భూతద్దం మళ్లీ తీశాడు. గుండు మీద గీతలు చూశాడు. అవి ఏటవాలుగా లేవు. దాదాపు తిన్నగా ఉన్నాయి.

మూడు గంటల అయిదు నిమిషాలకు అందర్నీ వరండాలోకి రమ్మన్నాడు. తవిటయ్యను, నరసన్ననూ కూడా. చిట్టమ్మ మెట్ల మీద కూర్చుంది. నలభై గజాల అవతల, పాక చూరు కింద, ఇసుక బస్తాల ముందు రెండు మంచాలు నిలబెట్టారు. వాటి పట్టెలకు పాత న్యూస్‌పేపర్లు గంజితో అతికించారు.

మొదట కొత్త రైఫిల్. పెట్టెలోంచి ఒక తూటా. సోమేశ్వరరావు భుజానికి ఆనించి పేల్చాడు. జగ్గన్న పరిగెత్తి వెళ్లి చూసి వచ్చాడు. కాగితంలో గుండ్రటి రంధ్రం, రూళ్లకర్రతో పొడిచినట్టు.

రెండోసారి పూజ తుపాకి. తోరం ఆయనే విప్పి, మడిచి, కాశీవిశ్వనాథం చేతిలో పెట్టాడు. అదే పెట్టెలోంచి ఇంకో తూటా. అది సులువుగా దూరింది. ఈసారి మాత్రం భుజానికి ఆనించలేదు. తుపాకిని బెంచీకి తాళ్లతో కట్టేసి, ట్రిగ్గర్‌కి దారం కట్టి, అందర్నీ గోడ వెనక్కి పంపి దారం లాగాడు.

"ఎందుకండీ అలాగ?" అన్నాడు కాశీవిశ్వనాథం.

"ఇది పాత నల్ల తుపాకిమందు కాలం నాటిది. కొత్త మందు బలం దీనికి ఎక్కువ. నిన్న గొట్టం పగిలుంటే మీ తలే పోయేది."

ఆ మాటకు అతను 'నేను పేల్చలేదు' అనలేదు. అది అందరూ గమనించారు, అతను తప్ప.

జగ్గన్న ఈసారి మెల్లగా నడిచి వచ్చాడు. మంచం ఎత్తుకుని మరీ వచ్చాడు. కాగితంలో చిటికెన వేలంత వెడల్పు, దానికి మూడింతలు పొడవు.

 

సోమేశ్వరరావు తవిటయ్యకు కూడా అర్థమయ్యేలా చెప్పాడు. రైఫిల్ గొట్టంలో గాడులు మెలితిరిగి ఉంటాయి. గుండు వాటి వెంట గిరగిరా తిరుగుతూ బయటపడుతుంది. బొంగరం చాలినంత తిరిగితే నిలబడుతుంది, చాలకపోతే తూలి పడుతుంది. పొట్టి గుండుకు కొంచెం తిప్పినా చాలు. పొడుగు గుండుకు గట్టిగా తిప్పాలి. పాత తుపాకిని పొట్టి గుండు కోసం చేశారు, గాడుల మెలిక తక్కువ. కొత్తదాన్ని ఈ పొడుగు గుండు కోసమే చేశారు. రెండింటి గొట్టం వెడల్పూ ఒకటే, తూటా సైజూ ఒకటే. పాత గొట్టంలోంచి పొడుగు గుండు వస్తే దారిలోనే తూలుతుంది. అడ్డంగా పోయి తగులుతుంది. అడ్డంగా తగిలిన గుండు లోతుకు పోలేదు. అందుకే దున్నను దాటేది ధర్మలింగంలో ఆగిపోయింది.

"నరసన్న పదేళ్లు ఈ తూటాలు మోశాడు. ఏ తూటా ఏ గొట్టానిదో వాడికి తెలుసు. తవిటయ్యకు రైఫిలే లేదు. దూరింది కదా, సరిపోయిందనుకునేది ఒక్కరే. తుపాకికి పూజ చేయడం తప్ప ఇంకేమీ తెలియని ఇంటివారు."

కాశీవిశ్వనాథం గుప్పిట్లో తోరం ఉంది.

"మీ నాన్నగారి కాలం నాటి పాత తూటాలు పేలతాయో లేదో అని బావగారి పెట్టెలోంచి ఒకటి తీశారు. బండ పక్కన కాచుకున్నారు, ఇంకెవరైనా పేల్చేదాకా. తవిటయ్య పేల్చాడు. దాని మీదే మీదీ పేలింది. చిట్టమ్మ చెప్పింది నిజం. మీరు తోరం ఉంచి పేల్చలేకపోయారు, విప్పేసి ఊరుకోనూ లేకపోయారు. మళ్లీ కట్టారు. దసరానాటి పసుపు మరక ఇనుము మీద ఇక్కడుంది. మీ ముడి అర అంగుళం ఇవతల పడింది."

కాశీవిశ్వనాథం నడుము మీంచి చెయ్యి తీశాడు. పంచె మడతలోంచి ఇత్తడి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. 

"రేపు రైలెక్కించేస్తే ఇంక మా సెల్లిని సూడలేనండి. ఈదిలో నిలబడి సూసేవోణ్ణి. కిటికీ కాడ నిలబడేది. కేకేస్తే పిచ్చంటారని గట్టిగా మాటాడ్డం కూడా మానేసిందండి. పెద్దల కాళ్లు పట్టుకున్నాను. బావ కాళ్లు పట్టుకున్నాను. ఇంకెవరి కాళ్లు పట్టుకోవాల?"

సోమేశ్వరరావు అడగవలసింది ఇంకొకటి ఉంది.

"మరి తవిటయ్య?"

కాశీవిశ్వనాథం తోరం కూడా తాళంచెవి పక్కన పెట్టాడు.

"నానే అని ఆడే అన్నాడండి. నాను ఊరుకున్నాను."

"ఒక గది తాళం తీయడానికి ఇంకో గదికి తాళం వేశారు."

అతను అవునన్నట్టు తల ఊపాడు. తవిటయ్య వైపు తిరిగి చేతులు జోడించాడు. తవిటయ్య అది చూడ్డంలేదు. మంచం దగ్గరికి వెళ్లి, కాగితంలోని పొడుగు రంధ్రంలో వేలు పెట్టి చూస్తున్నాడు.

"అయితే నా గుండు ఏటయింది బాబూ?"

"డొంకలో పడింది. పంది కూడా బతికింది."

చిట్టమ్మ మొగుడి చేతుల తాడు ముడి పళ్లతో పట్టి విప్పింది.

నాలుగూ పదికి లాంచీ కూత వినిపించింది. కాశీవిశ్వనాథం తనే ముందు మెట్లు దిగాడు. దిగేటప్పుడు ఒక్కటే అడిగాడు, తాళంచెవి రిపోర్టుతో పాటు చత్రపురం పోనివ్వొద్దని.

సాక్ష్యం వస్తువును అలా దారి మళ్లించకూడదు. సోమేశ్వరరావుకి ఆ రూలు కంఠతా వచ్చు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

సోమవారం ఉదయం ఎనిమిదీ ఇరవై. గోపాల్‌పూర్. వాన వెలిసింది. మేడ మెట్లు పద్దెనిమిది. తాళం బిగుసుకుపోయింది, రెండుసార్లు తిప్పితే గానీ రాలేదు.

కిటికీ దగ్గర నిలబడ్డ స్త్రీ వెనక్కి తిరిగింది. జడ శుభ్రంగా వేసుకుంది. కాళ్ల దగ్గర చిన్న మూట కట్టి పెట్టుకుంది. పోలీసు టోపీ చూసి, వినపడీ వినపడనంత మెల్లగా అడిగింది.

"రైలు వేళయిందా అండి?"

"లేదమ్మా. రైలు లేదు. మీ అన్నగారు తాళంచెవి పంపారు."

"అన్న రాలేదేం?"

దారంతా ఆయన ఈ ప్రశ్నకు జవాబు కూర్చుకుంటూనే వచ్చాడు.  తలుపు రెక్కలు రెండూ బార్లా తీసి పక్కకు తప్పుకున్నాడు.

ఆమె గడప దాకా వచ్చి ఆగింది. అంతే మెల్లగా అడిగింది.

"ఇప్పుడు గట్టిగా మాటాడొచ్చునా అండి?"

"మాట్లాడొచ్చమ్మా."

వాసవీకుమారి గడప దాటి వరండాలోకి వచ్చింది. పిట్టగోడ పట్టుకుని, బరంపురం రోడ్డు వైపు చూసి, గొంతు ఎంత ఉందో అంతా పెట్టి "అన్నా" అని పిలిచింది.

సోమేశ్వరరావు టోపీ తీసి చేత్తో పట్టుకుని మెట్లు దిగసాగాడు.